గంట కొట్టాక గుర్తొచ్చేవి

మెడిసిన్ ఫైనలియర్ క్లినికల్ పరీక్ష అయ్యాక రెండు వారాల పాటు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆ పరీక్షలో ఒక్కో గదిలో ఒక్కో పని చేసి చూపించాలి, గంట కొట్టగానే తర్వాతి గదికి వెళ్లాలి; ఆ ఒక్కో గదినే స్టేషన్ అంటాం. కడుపు పరీక్ష చేసే స్టేషన్‌లో నేను షిఫ్టింగ్ డల్‌నెస్ చూడలేదు. కడుపులో నీరు చేరిందేమో తెలుసుకోవడానికి పేషెంటును వెల్లకిలా పడుకోబెట్టి వేళ్లతో తట్టి, పక్కకు తిప్పి, కాసేపాగి మళ్లీ తట్టి, శబ్దం మారిందా అని వినే పరీక్ష అది. వార్డుల్లో తిరగడం మొదలుపెట్టినప్పటి నుంచి ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. నిద్రలో లేపి అడిగినా చేసి చూపించేదాన్ని. ఆ రోజు మాత్రం చెయ్యలేదు. గంట కొట్టింది, పేషెంటుకు థాంక్స్ చెప్పి బయటికొచ్చాను, కారిడార్లో రెండో అడుగు వేసేసరికి గుర్తొచ్చింది. అరచేతులు చల్లబడిపోయాయి.

ఇంకా ఐదు స్టేషన్లు మిగిలున్నాయి. వాటిలో ఏం అడిగారో, నేనేం చేశానో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. కాళ్లు ముందుకు నడిచాయి గానీ మనసు ఆ మంచం దగ్గరే ఉండిపోయింది.

ఆ రాత్రి కాగితం తీసుకుని లెక్కలు వేశాను. తట్టి చూడటానికి రెండు మార్కులనుకుంటే ఇందులో ఒకటి పోతుంది, ఎగ్జామినర్ కఠినంగా ఉంటే రెండూ పోతాయి. అక్కడితో ఆగితే బాగుండేది. ఒక తప్పు దొరికాక, మనసు మిగతావి కూడా వెతకడం మొదలుపెడుతుంది. ముందు స్టేషన్‌లో మందుల అలర్జీ అడిగానా? పేరు, వయసు సరిచూసుకున్నానా? చేతులు శుభ్రం చేసుకున్నానా? నాలుగో రోజుకల్లా, కచ్చితంగా చేసిన పనులు కూడా చెయ్యలేదేమో అనిపించసాగింది. అన్నం ముందు కూర్చుని ఆ స్టేషన్‌ను మొదటి నుంచి చివరిదాకా మనసులో మళ్లీ చేసేదాన్ని. ప్రతిసారీ షిఫ్టింగ్ డల్‌నెస్ దగ్గరికి రాగానే చేసేసేదాన్ని. కళ్లు తెరిస్తే అది జరగలేదు.

ఈ మధ్య పరీక్ష అయిన ఒకమ్మాయి ఫోన్లో అచ్చం ఇవే మాటలు చెప్పింది. స్టేషన్ వేరు, మర్చిపోయింది వేరు, గొంతులో వణుకు మాత్రం అదే. ఆమెకు రెండు ముక్కల్లో ధైర్యం చెప్పి పెట్టెయ్యడం నాకిష్టం లేకపోయింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇలాంటప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు రెండు రకాలుగా మాట్లాడతారు. కొందరు "అయిపోయిందేదో అయిపోయింది, ఇక వదిలెయ్" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ వదిలెయ్యమంటే వదిలిపోయేదైతే ఎవరూ అర్ధరాత్రి లేచి కూర్చోరు. పైగా రేపు మనుషుల ఒంటి మీద చెయ్యి వెయ్యాల్సిన వాళ్లకు తప్పును వదిలెయ్యడం నేర్పించడం నాకు సమ్మతం కాదు. ఇంకొందరు, ముఖ్యంగా మా వృత్తిలో పెద్దవాళ్లు, "బాధపడనీ, బాధపడితేనే మంచి డాక్టరవుతుంది" అంటారు. దీన్ని నేనూ నమ్మాను. నా రెండు వారాల జాగారం నన్ను ఎంతో కొంత మెరుగైన డాక్టర్ని చేసిందనే అనుకున్నాను. ఏడాది తర్వాత ఒకావిడ ఆ నమ్మకాన్ని తీసేసింది.

ఆ స్టేషన్‌లో నాకు పేషెంటుగా నటించింది ఆవిడే. నేను పాసయ్యాను, ఉద్యోగంలో ఉన్నాను. జూనియర్లకు ప్రాక్టీసు చేయించడానికి రమ్మంటే వెళ్లాను. వాళ్ల కోసం ఆవిడ కూడా వచ్చింది. యాభై దాటి ఉంటాయి. విరామంలో నా పక్కన కూర్చుని, "కడుపునొప్పి కేసుకి వచ్చిన అమ్మాయివి కదూ నువ్వు?" అంది. నా గుండె ఆగినంత పనయింది. "అవునమ్మా. ఆ రోజు నేను షిఫ్టింగ్ డల్‌నెస్ మర్చిపోయాను," అన్నాను. ఏడాది పాటు నోట్లో పెట్టుకు తిరిగిన మాట అది.

"అదేంటో నాకు తెలీదు తల్లీ," అంది. "నువ్వు నా మొహం మాత్రం ఒక్కసారి కూడా చూళ్లేదు."

ఆవిడకిచ్చిన స్క్రిప్టులో, కుడివైపు కింద చెయ్యి పడగానే మొహం చిట్లించాలని ఉంది. చిట్లించింది. నేను నా వేళ్లకేసి చూసుకుంటున్నాను. గమనించలేదేమో పాపం అని, రెండోసారి నొక్కినప్పుడు ఇంకాస్త గట్టిగా చిట్లించి, ఊపిరి కూడా బిగబట్టింది. అప్పుడూ నేను తలెత్తలేదు. "నొప్పి ఎక్కడమ్మా అని అడిగావు. ఇక్కడ అని వేలు పెట్టి చూపించాను. తిన్నగా అక్కడే నొక్కావు," అంది. కోపంగా అనలేదు. నిన్న జరిగినట్టు, ఒక విషయం చెప్పినట్టు చెప్పింది.

వైద్యం చదివేవాళ్లకు ఇది ఎంత మొదటి పాఠమో తెలుసు. కడుపు మీద చెయ్యి వేసినప్పుడు నొప్పి లేని చోట మొదలుపెట్టి నొప్పి ఉన్న చోటుకు చివర్లో రావాలి. కళ్లు పేషెంటు మొహం మీద ఉండాలి. ఆ రెండూ నేను చెయ్యలేదు. ఆ రెండు వారాల్లో ఒక్క రాత్రి కూడా అవి నాకు గుర్తు రాలేదు. ఇంకా చెప్పాలంటే, ఒకటిన్నర రోజులుగా కుడివైపు కింద నొప్పి, కడుపు ఉబ్బరం లేదు, కాళ్ల వాపు లేదు. అలాంటి కేసులో షిఫ్టింగ్ డల్‌నెస్‌కు పెద్ద పనే లేదు. నేను ఏడ్చింది అక్కర్లేనిదాని కోసం. కావాల్సింది ఆవిడ మొహం మీద రెండుసార్లు కనిపించి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి నా మనసులో ఉన్నది ఇదే. గంట కొట్టాక గుర్తొచ్చే తప్పు మనకు తెలిసిన తప్పు. అది తప్పని తెలుసు కాబట్టే గుర్తొస్తుంది. షిఫ్టింగ్ డల్‌నెస్ చేయాలని నాకు తెలియకపోతే, కారిడార్లో అది తట్టేదే కాదు. అంటే గుర్తొచ్చిన క్షణానికే దాన్ని దిద్దుకునే పని ముప్పాతిక వంతు అయిపోయినట్టు. నిజంగా భయపడాల్సినవి, చేశామని కూడా తెలియకుండా చేసేసినవి. వాటిని రాత్రంతా మేలుకున్నా పట్టుకోలేం. ఎదుటి మనిషి చెప్పాల్సిందే. బాధ ఎంత నిజాయితీగా ఉన్నా, దానికి తెలిసిన చోట మాత్రమే వెతుకుతుంది.

ఇది నా ఒక్కదాని అనుభవమే అయితే ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు. డాక్టర్లు తమ గురించి తాము వేసుకునే అంచనాకూ, బయటివాళ్లు కొలిచి చూసినదానికీ ఎంత పొత్తు కుదురుతుందో డేవిస్, ఆయన సహచరులు పాత అధ్యయనాలన్నీ వడపోసి 2006లో జామా అనే అమెరికన్ వైద్య పత్రికలో రాశారు. వాళ్లకు దొరికిన 20 పోలికల్లో 13 చోట్ల రెండింటికీ సంబంధం అంతంతమాత్రం, లేదా అసలు లేదు, లేదా తలకిందులుగా ఉంది. అనుభవం ఉన్న డాక్టర్ల సంగతే ఇది. గుండె దడదడలాడుతూ బయటికొచ్చిన ఇరవై మూడేళ్ల విద్యార్థి, తన పరీక్ష ఎలా జరిగిందో తన జ్ఞాపకాన్ని బట్టి తీర్పు చెప్పుకోవడం ఎంతవరకు నమ్మదగ్గదో ఆలోచించండి. పరీక్ష హాలు బయట నవ్వుతూ కనిపించినవాళ్లు ఫెయిలవడం, కళ్లు తుడుచుకుంటూ వెళ్లినవాళ్లు మంచి మార్కులతో పాసవడం నేను ఏటా చూస్తున్నాను. ఎక్కువ తెలిసినవాళ్లకు తాము వదిలేసినవి ఎక్కువ కనిపిస్తాయి. తెలియనివాళ్లకు వదిలేసింది ఏదీ కనిపించదు.

ఇక ఆ రాత్రి లెక్కల సంగతి. వంద దగ్గర మొదలుపెట్టి ఒక్కో తప్పుకు ఇంత అని తీసేస్తూ పోతాం కదా, ఆ పరీక్షను తయారుచేసిన పద్ధతికీ ఆ లెక్కకూ సంబంధమే లేదు.

మేం ఆస్కీ అని పిలిచే ఈ స్టేషన్ల పరీక్షను స్కాట్లాండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ బృందం మొదలుపెట్టింది. 1975లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దాని గురించి రాశారు. అంతకుముందు ఎక్కువగా ఒకటో రెండో కేసులిచ్చి, ఒకరిద్దరు ఎగ్జామినర్లు ప్రశ్నలు వేసేవాళ్లు. తేలిక కేసు పడితే అదృష్టం, చిరాకు ఎగ్జామినర్ పడితే దురదృష్టం. హార్డెన్ పద్ధతిలో అందరికీ అవే పనులు, ఒక్కో చోట ఒక్కో ఎగ్జామినర్, గంట కొట్టగానే ఇంకో గదికి. ఇందులో విద్యార్థికి పెద్ద మేలు ఒకటుంది. ఐదో గదిలో నువ్వేం చేశావో ఆరో గదిలోని మనిషికి తెలియదు. ప్రతి ఒక్కరూ ఎక్కడో ఒకచోట తడబడతారన్న ఎరుకతోనే అన్ని గదులు పెట్టారు. ఐదో గది తప్పును ఆరో గదిలోకి మోసుకెళ్లేది మనమే. నేను మోసుకెళ్లాను. ఆ తర్వాతి ఐదు స్టేషన్లలో పోయిన మార్కులు షిఫ్టింగ్ డల్‌నెస్ వల్ల పోయినవి కావు, దాన్ని తలుచుకోవడం వల్ల పోయినవి.

పాస్ మార్కు కూడా చాలాచోట్ల ముందుగా రాసిపెట్టి ఉండదు. ఎగ్జామినర్ రెండు రకాలుగా మార్కు చేస్తారు. ఒకటి చెక్‌లిస్టు. రెండోది మొత్తమ్మీద ఈ విద్యార్థి ఎలా ఉన్నాడు, బాగా పాసా, అంచున ఉన్నాడా, ఫెయిలా అన్న తీర్పు. అందరి పరీక్షా అయ్యాక ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, అంచున ఉన్నవాళ్లకు ఆ స్టేషన్‌లో ఎన్ని మార్కులు వస్తున్నాయో చూసి గీత గీస్తారు. కష్టమైన స్టేషన్ అయితే గీత కిందికి దిగుతుంది. అంటే నువ్వు రాత్రి పన్నెండింటికి కాగితం మీద వేసుకునే లెక్కకు కావాల్సిన అంకె ఆ సమయానికి లోకంలో ఎక్కడా లేదు.

చెక్‌లిస్టు గురించి ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే మన బాధంతా దాని చుట్టూనే తిరుగుతుంది. టొరంటోలో బ్రయన్ హాడ్జెస్, ఆయన సహచరులు 1999లో ఒక అధ్యయనం ప్రచురించారు. మెడికల్ విద్యార్థులను, ట్రెయినింగ్‌లో ఉన్న డాక్టర్లను, బాగా అనుభవమున్న ఫ్యామిలీ డాక్టర్లను మానసిక వైద్యం స్టేషన్లలో కూర్చోబెట్టారు. మొత్తమ్మీద ఎలా చేశారన్న తీర్పులో అనుభవజ్ఞులే పైన ఉన్నారు. చెక్‌లిస్టు మార్కుల్లో మాత్రం వాళ్లే అందరికంటే కింద ఉన్నారు. ఏది అడగాలో తెలిసినవాళ్లు అన్నీ అడగరు. ఇది చెప్పి చెక్‌లిస్టు వద్దనడం లేదు. చదువుకునే దశలో వరుస తప్పకుండా అన్నీ చేయడం నేర్వాల్సిందే. కానీ అందులో ఒక గడి ఖాళీగా ఉండిపోయినంత మాత్రాన "నేను డాక్టర్ని కాలేను" అనుకునేవాళ్లు, తమకంటే ఇరవై ఏళ్లు పెద్దవాళ్ల కాగితాల్లో ఎన్ని గడులు ఖాళీగా ఉండేవో తెలుసుకుంటే మంచిది.

పరీక్ష బయట జరిగే ముచ్చట్ల గురించి ఎక్కువ రాయను. "నీకు మూడో స్టేషన్‌లో ఏం డయాగ్నసిస్ వచ్చింది?" అన్న ప్రశ్న ఎవరికీ మేలు చేసినట్టు నేను చూడలేదు. గట్టిగా చెప్పేవాడి జవాబే సరైనదిగా చలామణీ అవుతుంది. సరిగ్గా రాసినవాళ్లు కూడా అనుమానంతో ఇంటికెళ్తారు. అక్కడ నిలబడకుండా వెళ్లిపోతే సరి.

అయితే తప్పులన్నీ ఒకటే అని మాత్రం అనను. నా స్నేహితురాలు అదే పరీక్షలో రక్తం తీసే స్టేషన్‌లో, బొమ్మ చేతి నుంచి సూది తీశాక, సూదులు పడేసే డబ్బా అందుబాటులో లేదని సూది మూతను రెండు చేతులతో పట్టుకుని మళ్లీ బిగించింది. బయటికొచ్చాక చాలా మామూలుగా ఉంది. తన బెంగంతా రక్తం నింపే ట్యూబుల రంగుల వరుస తప్పిందేమోనని. నేను షిఫ్టింగ్ డల్‌నెస్ కోసం ఏడుస్తుంటే తనే నన్ను ఓదార్చింది. ఆ మూత బిగించడమే ఆసుపత్రుల్లో డాక్టర్ల, నర్సుల వేళ్లలో సూదులు దిగడానికి ఒక కారణం. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్‌ఐవీ అలా అంటుకోవచ్చు. ఆ రోజు మా ఇద్దరిలో ఆందోళన పడాల్సింది తనే. తనకు ఆ సంగతి తట్టనే లేదు. చాలాచోట్ల ఇలాంటివాటికి మామూలు మార్కుల లెక్క వర్తించదు. పేషెంటు ఎవరో సరిచూసుకోకుండా రక్తం ఎక్కించబోవడం, అలర్జీ ఉందని చెప్పిన మందే రాయడం, సూదిని అజాగ్రత్తగా వదిలెయ్యడం లాంటివి జరిగితే స్టేషన్ మొత్తం పోవచ్చు. పోవాలి కూడా.

అందుకే నన్నడిగే పిల్లలను నేను ముందు ఒకటే అడుగుతాను. "నువ్వు మర్చిపోయింది నిజం పేషెంటు విషయంలో మర్చిపోయి ఉంటే ఆ మనిషికి ఏమయ్యేది?" చాలామంది ఒక్క నిమిషం మాట్లాడరు. అప్పటిదాకా వాళ్ల మనసులో ఉన్నది ఎగ్జామినర్ మొహం, కాగితం మీద కదిలిన పెన్ను, ఇంట్లోవాళ్లకు చెప్పాల్సిన మాట. పేషెంటు అక్కడ లేనే లేరు. ఆ ప్రశ్నకు జవాబు "ఏమీ అయ్యేది కాదు, ఇంకో పది నిమిషాల్లో గుర్తొచ్చి వెనక్కెళ్లి చూసేదాన్ని" అని వస్తే, ఆ తప్పు బరువు అంతే. "ఆ మందు ఎక్కించేసేవాళ్లం" అని వస్తే, దానికి తగినంత బాధ పడాల్సిందే. అప్పుడు ఆ బాధకు ఒక పని ఉంటుంది.

తప్పు చేసిన డాక్టర్ని "రెండో బాధితుడు" అని ఆల్బర్ట్ వు 2000లో రాశారు. మొదటి బాధితుడు పేషెంటు, తప్పు చేసి కుంగిపోయిన డాక్టరు రెండో బాధితుడు. ఆ మాట వెనకున్న దయ నాకు అర్థమవుతుంది. కానీ దాని గురించి ఆలోచించినప్పుడల్లా నాకు పరీక్ష హాలు గుర్తొస్తుంది. అక్కడ మొదటి బాధితులు లేరు. నేను గట్టిగా నొక్కినావిడ లేచి చీర సర్దుకుని, తర్వాతి విద్యార్థి కోసం మళ్లీ పడుకుంది. ఎవరికీ హాని జరగకుండా తప్పు చేసే అవకాశం ఒక డాక్టరుకు జీవితంలో ఉండేది ఆ కొద్ది రోజులే. అలాంటి చోట చేసిన తప్పుకు, నిజం వార్డులో చేసిన తప్పుకు పడేంత బాధ పడటం, చూస్తే, న్యాయంగా లేదు.

మర్చిపోవడం అనేదాన్ని ఈ వృత్తి ఎలా చూస్తుందో కూడా విద్యార్థులకు ఎవరూ సరిగ్గా చెప్పరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ థియేటర్ల కోసం 19 అంశాల చెక్‌లిస్టు తయారుచేసింది. పేషెంటు ఎవరు, ఏ వైపు ఆపరేషన్, అలర్జీలున్నాయా, ఇలాంటివన్నీ పైకి చదివి సరిచూసుకోవాలి. ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో దాన్ని వాడి చూసిన ఫలితాలు 2009లో వచ్చాయి. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. జీవితమంతా అదే పని చేస్తున్న సర్జన్లకు కూడా పేషెంటు పేరు పైకి చదివి వినిపించాల్సి వస్తోంది, దానివల్ల ప్రాణాలు నిలుస్తున్నాయి. జ్ఞాపకం మీద ఆధారపడకూడదని పెద్దవాళ్లంతా ఒప్పుకున్న చోట, ఒక విద్యార్థి ఎనిమిది నిమిషాల స్టేషన్‌లో ఒక అంశం మర్చిపోయినందుకు తనను తాను తిట్టుకుంటూ కూర్చుంటోంది.

నేను ఆ అమ్మాయికి ఫోన్లో చెప్పింది ఇది. ఈ రోజే, ఒక్కసారే, గుర్తున్నవన్నీ కాగితం మీద రాసెయ్. ఎన్ని మార్కులు పోయాయో రాయకు. ఏం చేశావు, పేషెంటుకు ఏమయ్యేది, ఈసారి చేతులు ఏం చెయ్యాలి, అది రాయి. రేపు పొద్దున ఎవరో ఒక ఫ్రెండ్‌ని పడుకోబెట్టి దాన్ని నిజంగా చేతులతో చెయ్యి, రెండుసార్లు. చేతులతో చెయ్యమని ఎందుకంటున్నానంటే, మనసులో వందసార్లు తిప్పుకున్న స్టేషన్ నాకేమీ నేర్పలేదు. ఆవిడ మాట విన్న మర్నాడు ఒక పేషెంటు కడుపు మీద చెయ్యి వేసి, తల ఎత్తి ఆయన మొహం చూడటానికి నన్ను నేను బలవంతపెట్టుకోవాల్సి వచ్చింది. మెడ కదలడానికి మొరాయించింది. అంత పాతుకుపోయిన అలవాటు అది. తగ్గడానికి నెలలు పట్టింది.

కొందరి విషయంలో ఇలాంటి సలహా చాలదు. వారాలు గడిచినా నిద్ర రాకపోవడం, తిండి సయించకపోవడం, "నేను దేనికీ పనికిరాను" అన్న మాట తిరిగి తిరిగి రావడం, బతకాలని లేకపోవడం పరీక్ష టెన్షన్ అనిపించుకోదు. వివిధ దేశాల మెడికల్ విద్యార్థుల మీద జరిగిన అధ్యయనాలను కలిపి 2016లో జామాలో వేశారు. దాదాపు 27 శాతం మందిలో డిప్రెషన్ లేదా దాని లక్షణాలు కనిపించాయి. ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవాళ్లు 11 శాతం. ఒక క్లాసులో వందమంది ఉంటే పదకొండు మంది. ఈ లక్షణాలు పేషెంటులో కనిపిస్తే ఏం చెయ్యాలో మనకు తెలుసు. మనలో కనిపించినా అదే చెయ్యాలి. ఈ రోజే ఎవరికైనా చెప్పాలి, డాక్టర్ని కలవాలి. పక్కన ఎవరైనా ఇలా ఉంటే, ఫలితాలు వచ్చేదాకా ఆగకండి.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. నా వయసువాళ్లతో, పరీక్షలు పెట్టేవాళ్లతో.

1963లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో హోవర్డ్ బారోస్ అనే న్యూరాలజిస్టు మామూలు మనుషులకు పేషెంటుగా నటించడం నేర్పాలన్న ఆలోచన చేసినప్పుడు, ఆయన ఉద్దేశం విద్యార్థి ఎలా పరీక్ష చేస్తున్నాడో ఆ మంచం మీద ఉన్న మనిషి కళ్లతో తెలుసుకోవడం. నటించినవాళ్లే ఆ తర్వాత విద్యార్థి చేసినదాన్ని రాసి చెప్పేవాళ్లు. ఇన్నేళ్ల తర్వాత కూడా చాలాచోట్ల ఆ మనిషి నోరు కట్టేసి ఉంచుతున్నాం. నన్ను పరీక్ష చేయనిచ్చినావిడకు నా గురించి ఎగ్జామినర్ కంటే ఎక్కువ తెలుసు. ఏడాది తర్వాత, పక్కపక్కన కూర్చోవడం తటస్థించింది కాబట్టి చెప్పింది. లేకపోతే నేను ఇప్పటికీ పేషెంట్ల మొహం చూడకుండానే కడుపులు నొక్కుతూ ఉండేదాన్నేమో. ఆ ఏడాదిలో ఎంతమందిని అలా నొక్కానో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఎందుకు చెప్పరంటే రెండు కారణాలు చెబుతారు. స్టేషన్లు మళ్లీ వాడాలి, బయటికి పొక్కితే కష్టం. మార్కుల మీద తగాదాలొస్తాయి. మొదటిది నిజమైన ఇబ్బందే. మంచి స్టేషన్ తయారుచేయడం తేలిక కాదు. కానీ "పేషెంటు మొహం చూడు" అన్న మాట చెబితే ఏ రహస్యం బయటపడుతుంది? చెక్‌లిస్టు చూపించనక్కర్లేదు, మార్కులు చెప్పనక్కర్లేదు. ఎగ్జామినర్ ఒక వాక్యం, మంచం మీదున్న మనిషి ఒక వాక్యం. ఫలితాలతో పాటు ఆ రెండు వాక్యాలూ ఇస్తే చాలు. తగాదాల భయం గురించి నేను చెప్పగలిగింది ఒకటే. తప్పు ఏమిటో చెప్పకుండా పాస్, ఫెయిల్ అని ఒక్క మాట అంటించి పంపితే, విద్యార్థి ఆ ఖాళీని తన ఊహలతో నింపుకుంటుంది. నా షిఫ్టింగ్ డల్‌నెస్ అలా పుట్టిందే.

విద్యార్థులైనా అడగాలి. ఇవ్వరేమో, అయినా అడగాలి. పరీక్షకు ముందే, ప్రాక్టీసు స్టేషన్లలో, నటించినవాళ్లను అడగాలి. "బాగా చేశానా?" అని అడిగితే బాగా చేశావనే అంటారు. "నేను చేస్తున్నప్పుడు మీకు ఎక్కడ ఇబ్బందిగా అనిపించింది?" అని అడిగితే ఆలోచించి చెబుతారు. వార్డులో ఉన్న నిజం పేషెంట్లు కూడా చెబుతారు.

ఇప్పుడు నేను ఎగ్జామినర్‌ని. పోయినసారి నాకు బీపీ చూసే స్టేషన్ ఇచ్చారు. సాయంత్రానికి ఎందరొచ్చారో గుర్తులేదు, ఒకబ్బాయి మాత్రం గుర్తున్నాడు. చేతులు వణుకుతున్నాయి. ముందు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, చేతికి కట్టిన పట్టీలో, అంటే కఫ్‌లో, గాలి నింపి, నాడి ఎక్కడ ఆగుతుందో చూసుకోవాలి. అది వదిలేసి తిన్నగా స్టెతస్కోపు పెట్టేశాడు. సగంలో తనకే తెలిసింది. చెవులు ఎర్రబడ్డాయి. చివర్లో అంకె చెబుతుండగానే గంట కొట్టింది. తలుపు దాకా వెళ్లాడు, ఆగాడు, వెనక్కి వచ్చాడు.

కఫ్ ఇంకా ఆవిడ చేతికే ఉంది. నిదానంగా విప్పాడు. అది కట్టిన చోట చర్మం మీద పడిన గీతలు చూసి, "తిమ్మిరెక్కిందా అమ్మా? ఒకసారి వేళ్లు కదపండి," అన్నాడు. ఆవిడ వేళ్లు కదిపేదాకా నిలబడ్డాడు. పైకి మడిచిన జాకెట్టు చేతిని కిందికి లాగి సర్ది, నాకేసి చూడకుండానే పరుగున వెళ్లిపోయాడు.

గంట తర్వాత చేసినదానికి మార్కుల్లేవు. ఆ రోజు నేనేం చెప్పడానికీ వీల్లేదు. నాడి చూడలేదని ఆ అబ్బాయి ఎన్ని రాత్రులు మేలుకున్నాడో నాకు తెలియదు. కాగితం అడుగున, ఎవరూ నింపని ఖాళీ జాగాలో, నేను చూసింది చూసినట్టు రాశాను. ఆ కాగితం అతనికి చూపించమని పరీక్షల విభాగానికి రెండుసార్లు ఉత్తరం పెట్టాను. మూడోది ఈ వారం పెడుతున్నాను.